జేజి ఆరబెడితే వాన

మా జేజి వాళ్ళ ఊర్లో సిగ్నల్ ఒక్క చోటే దొరుకుతుంది. ఇంటి మిద్దె మీద, నీళ్ళ ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య, రెండు చాపలంత జాగా. అక్కడ నిలబడితే మూడు గీతలు, కూర్చుంటే రెండు. ఒక్కడుగు పక్కకి జరిగితే ఫోను రాయి. నా ఖర్మేంటంటే, జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, ఏది ఆరబెట్టాలన్నా ఆ జాగాలోనే ఆరబెడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ పడనిది అక్కడొక్కటే. అందుకే ఈసారి పోయినప్పుడు మూడు రోజులు నేనూ నా ఫోనూ టమోటా ముక్కల మధ్య కాపురం చేశాం.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని. ఆగస్టులో మా మేనేజర్‌తో గొడవపడి, ఒక్క మెసేజ్‌తో ఉద్యోగం మానేశాను. ఆ మెసేజ్ డిలీట్ చేయమని అమ్మ ఏడుస్తుంటే అమ్మతో కూడా గొడవపడి, బ్యాగు సర్దుకుని బస్సెక్కాను. శింగనమల దాటాక దిగి ఆటోలో ఇంకాస్త పోతే ఊరు. ఇంట్లో జేజి, మా చిన్నాయన, ఇద్దరే ఉన్నారు. చిన్నమ్మ తన కూతురి కాన్పుకని గుత్తికి పోయుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా జేజి ఏదైనా ఆరబెడితే వాన వస్తుంది.

ఇది నేను చెప్పేది కాదు, ఊరు చెప్పేది. ఈ జిల్లాలో మబ్బులు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లాంటివి. కనిపిస్తాయి, హారన్ కొడతాయి, ఆగకుండా పోతాయి. అలాంటిది జేజి మిద్దె మీద పాత చీర పరిచి గుమ్మడికాయ వడియాలు పెట్టిన రోజు చెరువులోకి నీళ్ళొచ్చాయి. చింతపండు ఆరబోసిన రోజు ఎండిన వంక నిండా నీళ్ళు పారాయి. అందుకే ఊర్లో వానల్ని తడిసిన వస్తువుతో గుర్తుపెట్టుకుంటారు. "మా పెద్దోడు చింతపండు వానకు పుట్టినాడు" అంటారు. "వంకాయల వానకు మా గోడ కూలింది" అంటారు. వినేవాళ్ళెవరూ నవ్వరు.

అందరికంటే ఎక్కువ నవ్వనిది జేజి. ఆమెకి వాన తెచ్చిందన్న పేరు అక్కర్లేదు. ఆమెకి కావాల్సింది ఒక్కటే, డబ్బా నిండా గలగలలాడే వరుగులు. పెరట్లో కాసిన కూరగాయల్ని కోసి, ఉప్పు రాసి, ఎండలో పెట్టి దాచుకుంటే అవి వరుగులు. కూరగాయలు లేని రోజుల్లో నీళ్ళల్లో నానబెట్టి వండుకుంటారు. ఊర్లో ప్రతి ఇంట్లో ఆ డబ్బా ఉంటుంది, ఊపితే మోగుతుంది. మా ఇంట్లో డబ్బా మోగదు. ఊపితే లోపల ఏదో బొద్దింక పక్కకి తిరిగి పడుకున్నట్టు చప్పుడొస్తుంది.

మా ఇంటి వంటలన్నీ అలా తడిసిపోయినవాటి నుంచి పుట్టినవే. సగం ఎండి తడిసిన మటిక్కాయలుంటే, అంటే గోరుచిక్కుళ్ళు, వాటిని పిండేసి శెనక్కాయల పొడి కొట్టి వేపుడు చేసేది. తడిసిన వడియాల పిండిని చీర మీద నుంచి గీకి, పచ్చిమిరపకాయలు కలిపి పునుగులు వేసేది. తడిసిన టమోటాలు రోట్లోకి పోయేవి, తొక్కయ్యేవి. హైదరాబాదుకి మాకు బస్సులో పార్శిల్ వచ్చేది. మూత తీస్తే మబ్బు వాసన. చిన్నప్పుడు ఫ్రెండ్ వాళ్ళింట్లో మొదటిసారి వడియం తిన్నాను. పళ్ళ కింద కరకరలాడింది. పాడైపోయిందనుకుని ఉమ్మేశాను. వాళ్ళమ్మ మా అమ్మకి ఫోన్ చేసింది.

పోయిన ఎండాకాలం ఎదురింట్లో పెళ్ళి. ఆ ఇంటామె కుంకుమ పెట్టి, పత్రిక చేతికిచ్చి, "పెద్దమ్మా, ఆ మూడు దినాలు మిద్దె మీద ఏమీ పెట్టొద్దు, షామియానా తడుస్తాది" అనిందంట. జేజి పత్రిక తీసుకుంది. పెళ్ళికి పోయింది, బువ్వ తినింది, ఇంటికొచ్చి చాపలు చుట్టి అటక మీద పడేసింది. "ఇంక ఈ జన్మలో ఏదీ ఆరబెట్టను" అని ఒట్టు పెట్టుకుంది. ఆ తర్వాత విత్తనం వేసుకునేంత జల్లు ఒకటి పడింది, అంతే. ఆ జల్లు కూడా ఆమె జాకెట్టు ఒకటి పొరపాటున తీగ మీద మర్చిపోయినందుకే అని అంగడి శెట్టి లెక్క తేల్చాడు.

నేను పోయేసరికి ఊరి పరిస్థితి ఇది. శెనక్కాయ చేన్లు పూత పూసి ఉన్నాయి. పువ్వు వాడిపోయాక దాని కాడ సన్నగా సూదిలా సాగి భూమిలోకి దిగి కాయ అవుతుంది. దాన్ని ఊడ అంటారు. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది. ఆ నేల ఎలా ఉందంటే, చిన్నాయన చేన్లో నా ఫోన్ కిందపడితే స్క్రీన్ గార్డ్ పగిలింది. వారం లోపల ఒక్క వాన పడకపోతే చేను మేకలకి వదిలేయడమే. చిన్నాయన ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఒక సాయంత్రం చేన్లో నుంచి వస్తూ ఒక ఊడని తెంపుకొచ్చి గడప మీద పెట్టి లోపలికి పోయాడు. కొన ఎండిపోయి గోధుమరంగుగా ఉంది. జేజి దాన్ని చాలాసేపు చూసింది. ఊడ్చేటప్పుడు చుట్టూ ఊడ్చింది, దాన్ని కదిలించలేదు.

పెరట్లో మాత్రం టమోటాలు విరగకాశాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు తాగి కాశాయి. తొక్కు చేసింది, పప్పులో వేసింది, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఇచ్చింది, గేదె కూడా వద్దంది. అయినా చాప పరచలేదు.

మూడో రోజు పొద్దున ముగ్గురొచ్చారు. ఒకాయన ఊర్లో అందరికంటే ఎక్కువ పొలం ఉన్నాయన. ఎండాకాలమైనా వానాకాలమైనా తెల్లచొక్కా, ఎలక్షన్లొస్తే రెండు ఫోన్లు. ఊరంతా పెద్దాయన అంటారు. రెండో మనిషి అంగడి శెట్టి. మూడోది ఎదురింటామె, పెళ్ళిపత్రికామె, వాళ్ళిద్దరి వెనకాల సగం దాక్కుని. నేను మిద్దె మీద నుంచి తలకాయ వంచి వింటున్నాను.

"బాగుండావా పెద్దమ్మా?" అన్నాడు పెద్దాయన.

"బాగలేక ఏమప్పా. కూర్చో."

"మిద్దె ఖాళీగా ఉండాది."

"ఖాళీ యాడిది? మా పిల్ల ఉండాది కదా, ఫోన్ పట్టుకోని, దీపస్తంభం మాదిరి."

"అది కాదులే పెద్దమ్మా. టమోటాలు శానా కాసినట్టుండాయే."

"కాసినాయి. కావల్నా? సంచి తెచ్చుకో."

"తినేకి కాదు."

"మరి దేనికి, పూజకా?"

పెద్దాయన శెట్టిని చూశాడు. శెట్టి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నువ్వు ఒక్క చాప పరిస్తే చాలు."

"పరిస్తే ఏమైతాది శెట్టీ?"

ఆ మాట పైకి అంటే పెళ్ళి సంగతి మళ్ళీ లేస్తుందని ముగ్గురికీ తెలుసు.

"ఎండతాయి" అన్నాడు శెట్టి చివరికి. "టమోటాలు ఎండతాయి. అంతే కదమ్మా."

"అంతే కదా. ఆ ఎండబెట్టేదేదో మీరే బెట్టుకోండి."

"పెట్టినాం పెద్దమ్మా" అంది ఎదురింటామె వెనకనుంచి. "మా ఇంట్లో పెట్టినాం, వీళ్ళిండ్లల్లో పెట్టినాం. ఏం లాభం ల్యా." ఆమె కొంగుముడి విప్పి నేరం రుజువు చేసినట్టు అరుగు మీద పోసింది. ఎర్రగా, పల్చగా, గవ్వల్లా గలగలమంటూ టమోటా వరుగులు. "చూడు. రెండు దినాలకే ఇట్ల ఎండిపోయినాయి."

జేజి ఒకటి తీసింది. వేళ్ళతో నిమిరింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టక్ మనింది. ఆమె మొహం ఎలా మారిందో నేను పైనుంచి చూశాను. పక్కింటి పిల్లకి తన పిల్ల కంటే మంచి మార్కులొస్తే తల్లుల మొహాలు అలాగే మారతాయి.

"రెండు దినాలకా?"

"రెండే."

"ఉప్పు ఎంత ఏసినావు?"

"ఉప్పే ఏయల్యా. తినేకి కాదు కదా, వాన కోసం కదా."

"ఉప్పు గూడా ఏయకుండా" అంది జేజి. అని ఆ విరిగిన ముక్కలు రెండూ కొంగుకి కట్టుకుని లోపలికి పోయింది. వాళ్ళు కాసేపు ఉండి వెళ్ళిపోయారు.

ఆ రోజు అంగడి ముందు దీని మీద పెద్ద సభే జరిగింది. సిగరెట్లు, సోడాలు, ఒక కుక్క. నేను కొబ్బరినూనె కోసం పోయి విన్నాను. శెట్టి సిద్ధాంతం ఏంటంటే, వాన కోసం ఆరబెడితే వాన రాదు. ఇంతమంది ఇండ్లల్లో ఎండిపోవడమే దానికి సాక్ష్యం. ఎండ కోసం ఆరబెడితేనే వాన వస్తాది. "ఆమె నిజంగా ఎండ కోరుకోవల్ల. మనసులో ఒక చుక్క వాన కూడా ఉండగూడదు. మనమెవ్వరూ ఆమె ముందర వాన మాటే ఎత్తగూడదు." అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. మీరంతా పిచ్చోళ్ళు అన్నాను, నూనె తీసుకోవడం మర్చిపోయి వచ్చేశాను.

తెల్లారి లేచేసరికి చాపలు అటక దిగి ఉన్నాయి. జేజి కత్తిపీట ముందర కూర్చుని టమోటాలు కోస్తోంది.

"ఒట్టు పెట్టుకున్నావంట కదా" అన్నాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా. వాన కోసమని ఎవురన్నా అంటే పండ్లు రాలగొడతా. ఆ యమ్మ ఉప్పు లేకుండా గలగలలాడిస్తాదంట, నాకు చేతకాదంట. ఫోన్ పక్కన పెట్టి ఈ గంప పైకెత్తు."

గంపా కత్తిపీటా మిద్దె మీదికి ఎత్తాను, జేజి వెనకే మెల్లగా ఎక్కి కూర్చుంది. ముక్క మందంగా కోశానని తిట్టింది. పల్చగా కోస్తే కారిపోతోందని తిట్టింది. మధ్యలో మెసేజ్ చూసుకుంటే, టమోటా రసం ఫోన్ మీద పడి స్క్రీన్ తనంతట తనే మా పాత మేనేజర్‌కి కాల్ చేసింది. ఆయన ఎత్తాడు. "హలో" అన్నాడు. జేజి "ఎవురప్పా అది, ఉప్పు తెమ్మను" అంది. నేను కట్ చేసి కత్తిపీట అవతలికి తోశాను. గొడవైంది. చివరికి జేజి, "నీ చేతికి కోపం ఎక్కువ. నా వరుగులు ముట్టుకోవద్దు. ఆ మిరపకాయలు తీసుకోనిపో, నీ మాదిరే ఉంటాయి" అంది.

అలా నేను నా జీవితంలో మొదటిసారి మజ్జిగ మిరపకాయలు పెట్టాను. పెరట్లో కోసిన పచ్చిమిరపకాయలు ఒక్కొక్కటీ పొట్ట చీరి, ఉప్పేసిన పుల్లటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టాలి, పగలు ఎండబెట్టాలి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగంతా తాగేసి తెల్లగా ఎండేదాకా ఇదే పని. చేతులు మండాయి. ఆ చేత్తో ఫోన్ పట్టుకున్నాను, ఫోన్ చెంపకి పెట్టుకున్నాను, చెంప మండింది. కానీ ఒక పళ్ళెం నిండా వరసగా పేర్చి ఫొటో తీసి అమ్మకి పంపాను. ఉద్యోగం గొడవ తర్వాత అమ్మ నుంచి వచ్చిన మొదటి మెసేజ్ దానికే. "నువ్వు చేశావా? తీసుకురా." అంతే రాసింది. ఆ ఇంటి నుంచి హైదరాబాదుకి ఎండినది ఒక్కటీ ఎప్పుడూ రాలేదు. నేను తీసుకుపోవాలనుకున్నాను.

మొదటిరోజు ఎండ. ఊర్లో మనుషులు మా ఇంటి ముందు నుంచి పోతూ మిద్దె వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో చెప్పలేను. ఒకాయన మెడ అటుపక్కకి తిప్పుకుని నడిచి మా గేదెని గుద్దుకున్నాడు. "ఎండ బాగా కాస్తాంది పెద్దమ్మా" అని అరిచి పోయేవాళ్ళు కొందరు. "ఇట్లే కాయాల" అని జేజి కిందనుంచి జవాబు.

సాయంత్రం పెద్దాయన గోడ దగ్గరికి వచ్చి నన్ను సైగ చేసి పిలిచాడు.

"పాపా, మీ ఫోన్లో వాన చూపిస్తాదంట కదా?"

"చూపిస్తుంది. వారం దాకా వాన లేదు. సున్నా."

ఆయన మొహం వెలిగింది. "భలే. ఇదే మాట మీ జేజికి చెప్పు."

"ఇదే మాట అంటే? నిజంగానే లేదండీ."

"అట్లే, అట్లే చెప్పు. అనుమానం రాకూడదు."

"నేను అబద్ధం చెప్పట్లేదు. చూడండి, ఇది సూర్యుడి బొమ్మ. ఇది కూడా సూర్యుడే. ఏడు సూర్యుళ్ళు."

"ఏం నటిస్తాండావు పాపా" అన్నాడు మెచ్చుకోలుగా, నా భుజం తట్టి. "రాజకీయాల్లోకి రా."

నేను గోడ మీదున్న చెంబు తీసి విసిరాను. ఆయన మీదికి కాదు, పక్కకి. అది కూడా నటనే అనుకున్నాడు.

రెండో రోజు ఎండ. కాకులొచ్చాయి. ఒక చెప్పు కాకి మీదికి విసిరాను, అది ఎదురింటి మిద్దె మీద పడింది. ఆమె దాన్ని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, ఆకాశం వైపు చూడబోయి, ఆపుకుని, నేల వైపు చూస్తూ వెళ్ళిపోయింది. చిన్నాయన పొద్దున చేనికి పోతూ గడప మీది ఊడని దాటుకుని పోయాడు, సాయంత్రం దాటుకుని వచ్చాడు. అన్నం సగమే తిన్నాడు. పైన ఏమున్నాయో అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం జేజి మళ్ళీ మిద్దె ఎక్కింది. మోకాళ్ళ నొప్పికి మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. వంగి ఒక టమోటా ముక్క తీసుకుని విరిచింది.

టక్.

ఇంకోటి తీసింది. టక్. ఇంకో మూల నుంచి తీసింది. అది కూడా అంతే. రెండు చేతులతో దోసిలి పట్టి, తలపైకి ఎత్తి, చాప మీదికి వదిలింది. గలగలమన్నాయి. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వదిలింది. డెబ్బై దాటిన మనిషి, చిన్నపిల్ల ఇసుకలో ఆడినట్టు ఆడింది. "ఇనపడతాందా?" అంది. "వీడియో తియ్యి. శబ్దం గూడా రావల్ల."

తీశాను. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో ఇరవయ్యో సెకండు దగ్గర ఆమె చేతులు ఆగిపోతాయి. అప్పుడు ఆమె చూస్తున్నది పిట్టగోడ అవతల మా చేను. మిద్దె మీద నుంచి కనిపిస్తుంది. చేను మధ్యలో చిన్నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు, ఏ పనీ చేయకుండా.

వరుగులు డబ్బాకెత్తామన్న సంగతి పది నిమిషాల్లో ఊరంతా తెలిసిపోయింది. ముగ్గురూ మళ్ళీ వచ్చారు. ఈసారి పెద్దాయన కూర్చోలేదు.

"ఎండిపోయినాయంటనే" అన్నాడు, ఎవరో పోయారన్నట్టు.

"ఎండినాయి" అంది జేజి.

ఎదురింటామె ఆపుకోలేకపోయింది. "కొడుకు చేను గూడా ఉండాది కదా. మనసులో వాననుకోనింటాది. అందుకే చెడిపోయింది."

నేను మిద్దె మీద నుంచి మెట్లు దిగిన వేగానికి ఫోన్ జారి రెండు మెట్లు ముందే దిగింది. ఏమన్నానో అంతా గుర్తులేదు. మీకు వాన కావాలంటే పైకి చూసి అడగండి, ముసలామె కూరగాయల్ని కాదు అన్నాను. పెళ్ళికి వద్దు, పంటకి కావాలి, ఆమె ఏమైనా కుళాయా తిప్పుకోవడానికి అన్నాను. శెట్టి సిద్ధాంతానికి బుర్రలేదన్నాను. శెట్టి "నా సిద్ధాంతం కరెక్టే పాపా, మనసే తేడా కొట్టింది" అన్నాడు మెల్లిగా. వాళ్ళు పోయాక కూడా నేను గేటుతో కాసేపు పోట్లాడాను.

లోపలికి పోతే జేజి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వాళ్ళ మాట పట్టించుకోకు" అన్నాను.

"వాళ్ళు చెప్పింది తప్పు" అంది. "నేను వాన అనుకోల్యా. మూడు దినాలు ఎండే కోరుకున్యా. నిజంగానే. పొద్దున లేస్తానే, దేవుడా ఈ పొద్దొక్కటి కాయనీ అనుకున్యా. ఆడ నా కొడుకు చేను మాడిపోతాంటే ఈడ నేను ఎండ అడిగినా. అడిగినంత ఇచ్చినాడు."

ఫోన్ చూసుకున్నాను, అక్కడ సిగ్నల్ లేదు.

నాలుగో రోజు. తెల్లారితే నాకు బస్సు. మిద్దె మీద మిగిలింది నా మిరపకాయల పళ్ళెం ఒక్కటే. మజ్జిగ అయిపోయింది, ఇంకొక్క పూట ఎండ తగిలితే చాలు. ఆ పూట ఎండ నాకు ఎంత కావాలో నాకే తెలుసు. ఊరి మీద కోపం, శెట్టి మీద కోపం, అమ్మ "తీసుకురా" అంది, ఇవన్నీ ఆ పళ్ళెంలో ఉన్నాయి. ఫోన్ చూశాను, సూర్యుడి బొమ్మ. పైకి చూశాను, సూర్యుడే. "ఇవి ఎండకపోతే చెప్తా నీ సంగతి" అని పైకి చూసి గట్టిగానే అన్నాను. కింద గేదె తలెత్తింది.

మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి గదిలో చీకటి. సాయంత్రమైందా అని ఫోన్ చూస్తే మూడు గంటలు. పైన ఎవరో గుప్పిళ్ళతో శెనక్కాయలు విసిరినట్టు చప్పుడు.

మెట్లెక్కేసరికి పళ్ళెం నిండిపోయింది. మిరపకాయలు పొట్టలు తెరుచుకుని చేపల్లా తేలుతున్నాయి. పళ్ళెం ఎత్తబోయి జారి కూర్చున్నాను. లేచి నిలబడి ఆకాశాన్ని తిట్టాను. పేరు పెట్టి తిట్టడానికి దానికి పేరు లేదు కాబట్టి మేనేజర్ పేరుతో తిట్టాను. నాలుగు రోజులు ఏం చేశావు, ఇవాళే దొరికిందా నీకు, ఒక్క పూట, ఒక్క పూట ఆగలేవా అని అరుస్తుంటే నోట్లోకి నీళ్ళు పోయాయి.

ఊపిరి తీసుకోవడానికి ఆగి కిందికి చూశాను. వీధి నిండా మనుషులు. పెద్దాయన తెల్లచొక్కా ఒంటికి అతుక్కుని ఉంది. శెట్టి అంగడి వదిలేసి వచ్చాడు. ఎదురింటామె చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఎవరూ మా జేజిని చూడట్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"పాపా" అన్నాడు పెద్దాయన వానలో గొంతు పెంచి, ఎంతో మర్యాదగా. "తిట్టు. ఆపొద్దు."

నేను పళ్ళెం ఆయన మీదికి విసరలేదు. అది నా గొప్పతనం కాదు, బరువుగా ఉంది.

జేజి వాకిలి చూరు కింద కూర్చుని ఉంది, డబ్బా కొంగు కింద దాచుకుని. దిగి వచ్చిన నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత బయటికే నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి. "చెయ్యి మారిందే" అంది. "నాకు పీడ పోయింది. నీకు పట్టింది." డబ్బా ఒకసారి చెవి దగ్గర ఊపుకుంది. గలగలమంది.

వాన వెలిసాక చిన్నాయన వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. గడప దగ్గర ఆగి ఆ ఎండిన ఊడని తీసి బయటికి విసిరేశాడు. "జానెడు పదునైంది" అన్నాడు, అంటే నేల జానెడు లోతు తడిసింది. నాలుగు రోజుల్లో ఆయన అన్న పెద్ద మాట అదే.

మిరపకాయలు పారేస్తానంటే జేజి ఒప్పుకోలేదు. పిండేసి, చింతపండు పెట్టి రోట్లో నూరించింది, నాతోనే. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఆ తొక్కు పెట్టింది. చిన్నాయన రెండు ముద్దలు తిన్నాడు. మూడోది అడిగాడు.

"ఎట్లుండాది?" అన్నాను.

"ఉప్పు తగ్గింది" అన్నాడు. "వాన కడిగేసినట్టుండాది." అని ఇంకొంచెం వేసుకున్నాడు.

"జేజీ, టమోటా వరుగులు కొన్ని ఇవ్వు, అమ్మకి తీసుకుపోతాను" అన్నాను. "లేదంటే రేపు పొద్దున పులుసు పెట్టు, తినేసి పోతా."

జేజి డబ్బా ఒడిలోకి లాక్కుంది. "పులుసు పెట్టాలంటే ఏం చేయల్ల?"

"ఏముంది, నానబెట్టాలి."

"యాడ నానబెట్టల్ల?"

"నీళ్ళల్లో."

"మరి" అంది జేజి.

ఆ డబ్బా ఇప్పటికీ అలాగే ఉందంట. ఇంటికొచ్చినవాళ్ళకి ఊపి వినిపిస్తుందంట. అమ్మకి నేను తొక్కు తీసుకొచ్చాను, మూత తీస్తే ఎప్పటిలాగే మబ్బు వాసన. అమ్మ వేలితో తీసి నాకి, "మీ ఇంటిదే" అంది. ఉద్యోగం సంగతి ఆ రోజు అడగలేదు.

పెద్దాయన నంబర్ నేను బ్లాక్ చేశాను. ఆయన ఇంకో ఫోన్ నుంచి చేశాడు. కాయ ఊరే టైమంట, ఇంకొక్క పదును పడితే బాగుంటుందంట, ఎప్పుడొస్తున్నావని. రానన్నాను. సరే పాపా, నీ ఇష్టం అన్నాడు. పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడిగాడు:

"ఆడ హైదరాబాదులో ఏమీ ఆరేయడం లేదు కదా? ఊరికే వేస్టు చేయొద్దు పాపా."

ఫోన్ పెట్టేశాను. తర్వాత బాల్కనీలోకి పోయి, తీగ మీదున్న నా జీన్స్ తీసి లోపల కుర్చీ మీద వేసుకున్నాను. అవి ఆరడానికి రెండు రోజులు పట్టింది.